ఎండలో మాత్రమే వచ్చే వాసన

మా అమ్మ నన్ను ముక్కు మీద కోపం ఉన్న పిల్ల అనేది. పెళ్ళయి తిరుమంగళం నుంచి కోయంబత్తూరు కాపురానికి వచ్చాక తెలిసింది, మా మామగారి కోపం ముందు నాది ఏ మూలకూ రాదని. ఊరి బయట ఆయనకు నాలుగు బావుల సేద్యం, పత్తి నుంచి గింజ తీసే ఒక చిన్న జిన్నింగు ఫ్యాక్టరీ ఉండేవి. చుట్టుపక్కల మిల్లులకు ఆయన దగ్గర నుంచే పత్తి వెళ్ళేది. బేరానికి కూర్చుంటే గుప్పెడు దూది తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది వాన తగిలిన సరుకు, ఇది మూట కట్టి నెల దాటిన సరుకు అని తేల్చేసేవారు. దాదాపు ఎప్పుడూ ఆ మాట నిజమయ్యేది. అందుకే తన ముక్కు తప్పు చెప్పదని ఆయనకు గట్టి నమ్మకం.

నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో అత్తగారు లేరు. చనిపోయి రెండేళ్ళయింది. నా భర్త మిల్లు పని మీద కొత్త యంత్రాలు నేర్చుకోవడానికి బొంబాయి వెళ్ళి అక్కడే మూడు నెలలు ఉండిపోయారు. అంత పెద్ద ఇంట్లో మామగారూ నేనూ, వంటావిడా, వాకిట్లో ఒక నల్ల కారూ మిగిలాం. ఆ కారు ఎవరో ఎస్టేటు దొర వాడి వదిలేసినది. బోడినాయకనూరు నుంచి కొని తెచ్చారట. ఘాట్ రోడ్డు ఎక్కీ దిగీ అలసిపోయిన బండి. దాన్ని ఒక మనిషి మాత్రం సొంత బిడ్డలా చూసుకునేవాడు.

అతనే మా డ్రైవరు. జిన్నింగు ఫ్యాక్టరీ వెనక వీధి మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. చుట్టూ అరవమే అయినా, మాలాగే వాళ్ళింట్లోనూ తెలుగే. వాళ్ళ ముత్తాతలు ఎప్పుడు ఏ ఊరి నుంచి వచ్చారో వాళ్ళకూ తెలియదు, మా వాళ్ళు ఎప్పుడొచ్చారో మాకూ తెలియదు. వాళ్ళది యేసును కొలిచే ఇల్లు. అతని భార్య మిల్లులో నూలు చుట్టే పని చేసేది. పొద్దున ఆరుకు వెళితే మధ్యాహ్నం రెండు గంటల సంగు ఊదాక బయటికి వచ్చేది. సంగు అంటే మిల్లు సైరను. ఆ ఊళ్ళో గడియారం కంటే దానికే ఎక్కువ మర్యాద.

అతనికి మాటలు తక్కువ. కారు తీసే ముందు చుట్టూ ఒకసారి తిరిగి చూసేవాడు. ఇంజను మీద చెయ్యి ఆనించి, పిల్లలకు జ్వరం చూసినట్టు కాసేపు ఉంచేవాడు. ఒకసారి ముందు వైపు ఏదో కీచుమంటే, పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, అక్కడా ఇక్కడా మార్చి మార్చి విన్నాడు. చివరికి డైనమో దగ్గర ఆగి, "ఇదే. దీనికి నూనె లేదు" అన్నాడు. రెండు చుక్కలు నూనె పడగానే చప్పుడు పోయింది. చదువుకున్న డాక్టర్లలో కూడా అంత ఓపిగ్గా వినేవాళ్ళను నేను తక్కువ మందినే చూశాను.

ఆయుధ పూజ అయిన వారం పది రోజులకు కారులో పెట్రోలు వాసన మొదలైంది. మొదట గమనించింది నేనే. పొద్దున ఎక్కితే ఏమీ ఉండదు. మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి ఎక్కితే మాత్రం కడుపులో తిప్పేది. ఆ ఏడు వానలు ఆలస్యమై ఎండ మండిపోతోంది. డ్రైవరుతో చెప్పాను. ఇంకొకరైతే ఆడవాళ్ళ నాజూకు అనుకుని నవ్వేవారు. అతను నవ్వలేదు.

"ఎండలో మట్టుం వస్తుండాదా చిన్నమ్మా? పొద్దున లేదా?" అని రెండుసార్లు అడిగాడు.

"లేదు. ఎండలోనే."

ఆ మాట మనసులో పెట్టుకుని వెతకడం మొదలుపెట్టాడు. పైపులు తడిమాడు, క్లిప్పులు బిగించాడు, కార్బురేటరు విప్పి కడిగాడు. ఎక్కడా తడి లేదు. ఇది చాలనట్టు ఇంకో జబ్బు కూడా పట్టుకుంది. పది పదిహేను మైళ్ళు నడిచాక ఇంజను దానంతట అదే చచ్చిపోయేది. అతను దిగి వెనక్కి వెళ్ళి, పెట్రోలు మూత తెరిచి, పుల్ల పెట్టి చూసేవాడు. పెట్రోలు ఉండేది. మూత పెట్టి వచ్చి స్టార్టు చేస్తే బండి ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదిలేది.

దారి పక్కన మూత తెరిచి నిలబడిన డ్రైవరును పోయేవాళ్ళు చూస్తారు గదా. చూసినవాళ్ళు ఊరుకుంటారా? మీ డ్రైవరు రోడ్డు మీద ట్యాంకు తెరిచి ఏదో చేస్తున్నాడని ఎవరో మామగారి చెవిన వేశారు. ఆయన అప్పటికి ఏమీ అనలేదు. ఆయన కోపంగా ఉన్నప్పటికంటే ఏమీ అనకుండా ఉన్నప్పుడే భయపడాలని నాకింకా తెలియదు.

ఒక రోజు పొద్దునే ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకుని చేను చూడడానికి వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు నన్ను ఆర్.ఎస్. పురంలో దర్జీ దగ్గర దింపుతామంటే నేనూ ఎక్కాను. చేను దగ్గర నీడ లేదు. బండి రెండు గంటలు ఎండలోనే ఉంది. మామగారు బావి గట్టు మీద కూలీలతో మాట్లాడుతుంటే, పైపులో ఏదైనా అడ్డం పడిందేమోనని డ్రైవరు ఒక గొట్టం విప్పి నోటితో పీల్చి, ఊసి, మళ్ళీ బిగించాడు. అది నేను నా కళ్ళతో చూశాను.

అక్కడి నుంచి పత్తి మచ్చు చూపించడానికి మిల్లుకు బయలుదేరాం. కారు నిండా వాసన. సరిగ్గా మిల్లు గేటు ముందుకు రాగానే ఇంజను ఆగిపోయింది. అప్పుడే రెండు గంటల సంగు ఊదింది. గేటు తెరుచుకుని జనం బిలబిలా బయటికి వచ్చారు. డ్రైవరు ఎప్పటిలాగే దిగి వెనక్కి వెళ్ళి మూత తెరిచాడు.

మామగారు ముందు సీటులో నుంచి పెట్రోలు ముల్లు చూశారు. పొద్దున నిండుగా ఉన్న ముల్లు బాగా కిందికి దిగి ఉంది. ఆయన తలుపు తీసుకుని వెనక్కి నడిచారు.

"ఏమ్రా, ఎంత తీసినావు?"

"తీయలేదయ్యా. మూత మట్టుం తెరిస్తి."

"ఏదీ, నోరు తెరు."

అతనికి అర్థం కాలేదు. మామగారు అతని భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుని, దూదిని చూసినట్టు అతని నోటి వాసన చూశారు. వందమంది చూస్తుండగా. తర్వాత ఆ వందమందికీ వినబడేలా అన్నారు, "పెట్రోలు. గొట్టం పెట్టి నా ట్యాంకు పీలుస్తుండావు. ఇన్నాళ్ళూ నా అన్నం తిని."

గుంపులో అతని భార్య ఉంది. చేతిలో టిఫిను క్యారియరు, జుట్టులో దూది పొడి. ఆమె కదలలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మాత్రం ఆమె నుంచి ఒక అడుగు వెనక్కి జరిగారు. ఆ అడుగు నాకు ఇప్పటికీ కనబడుతుంది. చేను దగ్గర నేను చూసింది రెండు మాటల్లో చెప్పి ఉంటే సరిపోయేది. నేను వెనక సీటులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. కొత్త కోడలిని, మామగారి కోపం చూసి నా నాలుక పడిపోయింది. అంత పిరికిదాన్నని నాకు అంతవరకు తెలియదు.

డ్రైవరు ఏడవలేదు, కాళ్ళ మీద పడలేదు. మూత మెల్లగా బిగించాడు.

"నాకు ఒక దినం ఇవ్వండయ్యా. బండి వాకిట్లోనే నిలిపి పెట్టండి. రేపు పొద్దుగూకే లోపల వాసన ఎక్కడినించి వస్తుండాదో చూపిస్తా. చూపించలేకపోతే తాళం మీ చేతికిచ్చి పోతా. దొంగ అన్న పేరుతోనే పోతా."

"సరి. ఒక్క దినం" అన్నారు మామగారు.

మర్నాడు మామగారు ఎద్దుబండి కట్టించుకుని ఫ్యాక్టరీకి వెళ్ళారు. డ్రైవరు ఏడు గంటలకల్లా వచ్చాడు. నేను వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. నిన్న మూసుకున్న నోరు ఇవాళ ఎలా తెరవాలో తెలియక, "ఏమన్నా కావాలా?" అని మాత్రం అడిగాను.

"రెండు కావాల చిన్నమ్మా. ఆ నీళ్ళ పొయ్యి ఆర్పించండి. వాకిట్లో నిప్పు వద్దు. ఇంకొకటి, ముగ్గుపిండి. మెత్తగా ఉండాల."

ముగ్గుపిండి ఎందుకో నాకు తెలియలేదు. పొయ్యి ఆర్పించి, డబ్బా తెచ్చి ఇచ్చాను.

అతను డిక్కీ ఖాళీ చేశాడు. అడుగున పరిచిన పలక ఎత్తాడు. కింద పెట్రోలు ట్యాంకు వీపు కనబడింది. దాని మీద అరచేయంత గుండ్రటి రేకు, చుట్టూ స్క్రూలు. లోపల పెట్రోలు ఎంత ఉందో ముల్లుకు చెప్పే సాధనం ఆ రేకు కింద ఉంటుందట. అన్నీ గుడ్డతో తుడిచి, గాలికి ఆరనిచ్చి, ఆ రేకు చుట్టూ, గొట్టాలు కలిసే చోట్ల, ముందు కార్బురేటరు కింద, అంతటా ముగ్గుపిండి సన్నగా చల్లాడు. చేతివేళ్ళ మధ్య నుంచి అంత సమంగా పిండి జార్చడం నేను ఆడవాళ్ళలోనే చూశాను.

"వాసన పట్టుకుని పోతే ఎక్కడుండాదో తెలీదు. వాసన బండంతా తిరుగుతాది. తడి మట్టుం పుట్టిన చోటే ఉంటాది. ఎంత కొంచెం తడి అయినా ఈ పిండి నల్లబడతాది" అన్నాడు.

తర్వాత కారును తోసి నడి ఎండలోకి తెచ్చాడు. నేనూ ఒక చెయ్యి వేశాను. వద్దన్నాడు గానీ, వేశాను. డిక్కీ తెరిచి పెట్టి, తను వేప చెట్టు పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మూత తీసి చూడవా?" అన్నాను.

"తీయను. ఇన్ని దినాలు నేను చేసిన తప్పే అది. వాసన వస్తుండాదని పోయి మొదట మూత తెరిస్తి. తెరిస్తే బుస్సని లోపలి ఆవిరి పోయేది. అంతా అణిగిపోయేది. అణిగినాక వెతికితే ఏం దొరుకుతాది? రాత్రంతా దీన్నే ఆలోచన చేస్తి."

ఉద్యోగం పోయేటట్టుంది, ఊళ్ళో పరువు పోయింది, ఇంట్లో భార్య మొహం ఎలా చూశాడో తెలియదు. అయినా ఆ మనిషి కూర్చుని మా మామగారి మీద కోపం పెంచుకోలేదు, తన పనిలో తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కున్నాడు. నేనైతే ఆ కారును ఏ బావిలోకో తోసి ఉండేదాన్ని.

పదకొండయింది. ఏమీ లేదు. పన్నెండయింది. నేను మజ్జిగ తీసుకెళ్ళాను. కారులో పెట్టుకున్న తన లోటా తెచ్చుకుని, అందులో పోయించుకుని తాగాడు. అప్పట్లో అది నాకు వింతగా తోచలేదు, చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ప్రతి పది నిమిషాలకూ లేచి వెళ్ళి ఒక్కో చోటూ వంగి చూసి వచ్చేవాడు. ఒక్కసారి కూడా చెయ్యి పెట్టలేదు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, నాకు ఆశ పోయింది. సాయంత్రం మామగారు వస్తారు, ఇతను తాళం ఇచ్చి వెళ్ళిపోతాడు అనుకుంటూ లోపలికి వెళ్ళబోయాను.

"చిన్నమ్మా, రండి."

గొంతు పెంచలేదు. కానీ ఆ పిలుపులో ఏదో ఉంది, పరుగెత్తాను. గుండ్రటి రేకు అంచున, రెండు స్క్రూల నడుమ, తెల్లటి పిండి వేలెడు మేర బూడిద రంగుకు తిరిగింది. చూస్తుండగానే ఇంకొంచెం పాకింది. అతను వేలు ఆనించి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత వేలు నా వైపు చాపాడు. సందేహం లేదు, పెట్రోలే.

"దొరికింది గదా!" అని నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను.

"ఎక్కడ వదిలిందో దొరికింది. రేకు కింద బెండు వాషరు ఎండిపోయి ఉండాది. అయితే ఇది ఎన్నాళ్ళుగానో ఎండే ఉంటాది. ఇప్పుడు యాల వదిలింది? అది తెలియాల."

అక్కడితో ఆగి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. తన మీద పడ్డ నింద పోవడానికి ఆ తడి చాలు. అతనికి మాత్రం చాలలేదు. కారు పక్కకు వెళ్ళి పెట్రోలు మూత ముందు నిలబడ్డాడు. ఏదో అడగాలని నోరు తెరిచి, మానేసి, మళ్ళీ తెరిచాడు.

"చిన్నమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఆ బొట్టు తుడవచ్చునా?"

అప్పుడు చూశాను. మూత నడిబొడ్డున రూపాయంత గంధం బొట్టు, మధ్యలో కుంకుమ. నేను పెట్టిందే.

మిగతా ఇళ్ళలో ఆయుధ పూజ నాడు కారుకు పూజ చేసేది డ్రైవర్లే. మా డ్రైవరు ఆ రోజు కారును కడిగి, తుడిచి, అద్దంలా చేసి, ఇంక మీరు చూసుకోండని గేటు బయటికి వెళ్ళి నిలబడేవాడు. అత్తగారు లేరు గనక ఆ ఏడు గంధం గిన్నె నా చేతికి వచ్చింది. ఆ ఇంట్లో నా మొదటి పండగ. మా తిరుమంగళం వైపు నల్లరేగడి సేద్యాల ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఏ పనిముట్టు ఎక్కడ తింటుందో అక్కడ బొట్టు పెట్టాలి. తిరగలికి గింజ పోసే గుంట అంచున, బావి ఇంజనుకు నూనె పోసే మూత మీద. రాలిపోకుండా గంధంలో చిక్కటి గంజి కలుపుతాం. కారు తినేది పెట్రోలు గదా అని, నా తెలివికి నేనే మురిసిపోతూ మూత నడుమ బొటనవేలితో అదిమి పెట్టాను. పూజ బొట్టు దానంతటది రాలాలి తప్ప ఎవరూ తుడవరు. అందులోనూ ఆ మనిషి వేరే దేవుణ్ణి కొలిచేవాడు. మా ఇంటి బొట్టు మీద చెయ్యి వేయడానికి అతనికి ఎంత భయం ఉండాలో ఆలోచించండి. మూత మీద అనుమానం ముందు రోజే వచ్చిందని తర్వాత ఒప్పుకున్నాడు.

"నువ్వే తుడువు. ఏం కాదు" అన్నాను.

"మీరే తీయండి చిన్నమ్మా. అది న్యాయం."

గోటితో గీరాను. రాలేదు, గంజి రాయిలా గట్టిపడింది. వేడినీళ్ళు తెచ్చి గుడ్డ తడిపి ఆనించాను. నానిన గంధం ముద్దగా ఊడి వచ్చింది. కింద, మూత నడుమ, గుండుసూది పట్టేంత రంధ్రం, నిండా గంధం. నా సూదుల డబ్బీ తెచ్చి ఒక సూదితో పొడిచాను. సన్నగా, పాము బుస కొట్టినట్టు, చాలాసేపు గాలి వచ్చింది. అతను డిక్కీ దగ్గరికి వెళ్ళి చూసి, "నిలిచింది. పిండి ఇంక తడవలేదు" అన్నాడు.

నాకు అర్థం అయ్యేలా చెప్పడానికి ఖాళీ సీసా ఒకటి తీసుకుని నోటికి ఆనించి పీల్చి చూపించాడు. "బండి నడిచేటప్పుడు పెట్రోలు తగ్గతాది. తగ్గిన చోటికి గాలి పోవాల. దారి ఈ రంధ్రం ఒకటే. ఇది మూసుకుంటే ట్యాంకు పెట్రోలు వదలదు, బండి చచ్చిపోతాది. ఎండలో నిలిపితే లోపల ఆవిరి పొంగుతాది. దానికీ దారి ఇదే. లేకుంటే ఎక్కడ బలం లేదో అక్కడ తోసుకుని వస్తాది. ఆ దినం ట్యాంకు నిండుగా ఉన్నింది గదా, చేను దగ్గర ఎండలో పెట్రోలే తోసుకుని మట్టిలోకి పోయింది, ముల్లు అందుకే దిగింది. పీల్చేటప్పుడు ఆ రేకు వాషరు మీద అణిగి కూర్చుంటాది, ఊదేటప్పుడు లేస్తాది. అందుకే రెండు జబ్బులు. జబ్బు ఒకటే."

నేను వింటున్నాను గానీ నా మొహం ఎలా ఉందో నాకు తెలుసు. అతను మా ఇంటి అన్నం తిని దొంగతనం చేశాడని వందమంది ముందు అనిపించింది నా బొటనవేలు. ఆ సంగతి అతనికీ తెలిసింది. నా వైపు చూడకుండా గంధపు గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రంధ్రంలో మడ్డి చేరింది అని చెప్తా. మడ్డి చేరేదే, అన్ని బండ్లకూ" అన్నాడు.

నేను సరేననలేదు, వద్దననూ లేదు.

తర్వాత పంపు సెట్లు చేసే ఒక పట్టరైకి, అంటే వర్క్‌షాపుకి, సైకిలు మీద వెళ్ళి బెండు పలక ముక్క తెచ్చాడు. రేకును దాని మీద పెట్టి, చిన్న సుత్తితో అంచు వెంట మెల్లగా తట్టుతూ వాషరు కోశాడు. పాత వాషరు చేతిలోకి తీసుకుంటే మరమరాల్లా పొడి అయింది. కొత్తదాన్ని నీళ్ళలో నానబెట్టి, తుడిచి, లక్క పూసి, పరిచాడు. స్క్రూలను వరసగా బిగించలేదు. ఒకటి బిగించి ఎదురుగా ఉన్నది, మళ్ళీ ఇటు పక్కది, దానికి ఎదురుది, ఇలా నాలుగు చుట్లు తిరిగాడు. ఒక వైపే బిగిస్తే ఇంకో వైపు లేస్తుందట. ఆ శ్రద్ధ చూస్తుంటే నాకు ఆకలి కూడా గుర్తు రాలేదు.

సాయంత్రం మామగారు వచ్చారు. అతను పాత వాషరు చూపించాడు, బూడిద రంగు పిండి చూపించాడు, మూతలో మడ్డి చేరి రంధ్రం మూసుకుందని చెప్పాడు. నేను గుమ్మంలో ఉన్నాను. మామగారు డిక్కీలోకి వంగి నాలుగుసార్లు గట్టిగా గాలి పీల్చారు. ఏమీ లేదు.

"సరి. రేపట్నించి మామూలుగా రా" అన్నారు. నిన్నటి మాట గురించి ఒక్క ముక్క లేదు.

"వస్తానయ్యా. మిల్లు గేటు ముందర మట్టుం నడపలేను. చుట్టు తిరిగి పోతా" అన్నాడు డ్రైవరు. బతిమాలుతున్నట్టు లేదు, కోపంగానూ లేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పి, తాళం మేకుకు తగిలించి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున మామగారికి రాగి సంకటి పెట్టి, ఎదురుగా నిలబడ్డాను.

"మామా, అది మడ్డి కాదు. గంధం. పండగనాడు ఆ రంధ్రం మూసింది నేను. గంజి కలిపి పెడితి. చేను దగ్గర ఆయన గొట్టం పీల్చింది కూడా నేను చూస్తి. గేటు దగ్గర చెప్పాల్సింది, భయపడితి."

ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. ఆయన చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేసి, చెయ్యి కడుక్కున్నారు.

"నువ్వు పెట్టింది తెలియక, అమ్మిణీ. నేనన్నది వందమంది వింటున్నారని తెలిసే అన్నా" అన్నారు. తర్వాత, "ఒకటిన్నరకి బండి తీయమను. నువ్వూ రా" అన్నారు.

బండి వీధి దాటాక డ్రైవరు చుట్టు దారికి తిప్పబోతే మామగారు నేరుగా పొమ్మన్నారు. అతని మెడ బిగుసుకుంది. కానీ పోనిచ్చాడు. సరిగ్గా మొన్న ఆగిన చోటే బండి ఆపించారు. సంగు ఊదింది. గేటు తెరుచుకుంది. మా కారును చూడగానే జనం నెమ్మదించారు. మళ్ళీ ఏదో తమాషా ఉందనుకుని ఉంటారు.

మామగారు దిగి, డ్రైవరును కూడా దిగమన్నారు. గుంపులో అతని భార్య దగ్గరికి నడిచారు.

"అమ్మా, మీ ఇంటాయన ఏమీ తీయలే. నేను తప్పుగా అంటి."

ఆమె టిఫిను క్యారియరు ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"నాకు యాల చెప్తారయ్యా? నేనెప్పుడు నమ్మితి? ఆ దినం విన్నోళ్ళు వీళ్ళు. వీళ్ళకి చెప్పండి."

మా మామగారితో అలా మాట్లాడిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆయన గుంపు వైపు తిరిగారు. మొన్న అరిచినంత గట్టిగానే, మొదట తెలుగులో, తర్వాత అరవంలో చెప్పారు. తప్పు మా ఇంటిదని, దాన్ని కనిపెట్టి బాగుచేసింది ఈ మనిషేనని, తన ముక్కు తప్పు చెప్పిందని. నన్ను మాత్రం ఆ మాటల్లోకి లాగలేదు. నాకు ఆయన మీద ఉన్న భయం ఆ రోజుతో గౌరవం అయింది.

ఆమెను కూడా బండిలో ఎక్కమన్నారు. ఒళ్ళంతా దూది ఉందని ఆమె వెనకాడితే, ఆయనే వెనక తలుపు తీసి పట్టుకున్నారు. ఆమె నా పక్కన, సీటు అంచున, కూర్చుంది. ఫ్యాక్టరీ వెనక వీధి మనిషి మా కారు వెనక సీటులో కూర్చోవడం అదే మొదలు. బండి కదిలాక నేను ఆగలేకపోయాను. ఆమెకు మాత్రమే వినబడేలా, "ఆ రంధ్రం మూసింది నేనే" అన్నాను.

"తెలుసు చిన్నమ్మా. నిన్న సాయంత్రమే చెప్పినాడు."

"మరి ఈ పొద్దంతా మిల్లులో నిన్ను అంటుంటే..."

"అన్నారు. పక్కన కూర్చుని తినలేదు ఎవరూ."

"యాల చెప్పలేదు వాళ్ళకి?"

ఆమె ముందు సీటు వైపు ఒకసారి చూసి, గొంతు ఇంకా తగ్గించింది. "వద్దన్నాడు. అత్త లేని ఇల్లు, మొదటి పండగ, మొగుడు కూడా ఊళ్ళో లేడు, ఆ చిన్నమ్మకు చెడ్డ పేరు వస్తే ఎవరుండారు అన్నాడు. మన పేరు మనం మెల్లగా తెచ్చుకుందాం అన్నాడు."

ముందర అతను హారను కొట్టి, ఒక పత్తి బండిని దాటించి, గేరు మార్చాడు. తన పేరు పోతూ ఉండగా నా పేరు గురించి ఆలోచించిన మనిషి అంత దగ్గరలో కూర్చుని మామూలుగా బండి నడుపుతున్నాడు. నేను అతని వీపు చూస్తూ, కొంగు అడ్డం పెట్టుకోకుండా, ఇల్లు వచ్చేదాకా ఏడ్చాను.